ఫ్రీ ట్రయల్ క్రీమ్ తెప్పించుకుంటున్నారా? ఆటో డెబిట్‌లో డబ్బు పోకుండా చేయాల్సిన పనులు, వరుసగా

"షిప్పింగ్ చార్జీ 99 రూపాయలే కట్టాను, నెల తిరిగేసరికి 1,499 ఎలా పోయింది?" ఈ వేసవి నుంచి నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇది. వైజాగ్‌లో మార్చి దాటితే ఉక్కపోత, చెమట, బీచ్ రోడ్డు ఎండ. ముఖం నల్లబడిందని ఫోన్‌లో ఒక్కసారి వెతికితే చాలు, ఇక వరసపెట్టి సీరమ్‌లు, క్రీముల ఫ్రీ ట్రయల్ ప్రకటనలే.

గాజువాకలో ఉండే మా అక్క అలాగే ఒకటి తెప్పించింది. రెండు నెలల్లో మూడుసార్లు డబ్బు కట్ అయ్యాక నాకు ఫోన్ చేసి, "ఏటే, నేను ఆపేశాననే అనుకున్నాను కదా" అంది. ఏం ఆపావక్కా అని అడిగితే, ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేశానంది. యాప్ తీసేస్తే ఆటో డెబిట్ ఆగదు. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ ముందేసుకుని చేసిన పనులు, తర్వాత ఇంకొందరికి చేసిపెట్టినప్పుడు తెలిసినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ట్రయల్ కోసం మీరిచ్చే కార్డు నంబరు గానీ, కొట్టే యూపీఐ పిన్ గానీ ఒక అనుమతి. 99 రూపాయలకే ఇస్తున్నామని మనం అనుకుంటాం, నెలనెలా తీసుకోవచ్చని అక్కడ నమోదవుతుంది. ఆ అనుమతి ఎక్కడ నమోదైందో తెలిస్తే, వెనక్కి తీసుకోవడం మీ చేతిలో పనే.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసిన వాళ్లు 4వ భాగం నుంచి చదవండి. డబ్బు పోయిన వాళ్లు నేరుగా 7కి వెళ్లండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

1. ముందు ఇది ఏ రకం ట్రయలో తేల్చుకోండి

ప్రకటనలన్నీ ఒకేలా ఉంటాయి. డబ్బు పోయే దారి మాత్రం నాలుగు రకాలు. ఏ దారో తెలియకుండా రద్దు చేయబోతే మా అక్కకు జరిగినట్టే జరుగుతుంది.

– క్యాష్ ఆన్ డెలివరీ శాంపిల్. పార్సిల్ వచ్చినప్పుడే డబ్బు ఇస్తారు. కార్డు, యూపీఐ వివరాలు ఇవ్వలేదు కాబట్టి ఆటో డెబిట్‌కు దారి లేదు.

– ఒక్క రూపాయి ట్రయల్, యూపీఐ ఆటోపేతో. మీరు పిన్ కొట్టింది ఆ ఒక్క రూపాయికే అనిపిస్తుంది. దాంతోపాటే ఒక మ్యాండేట్, అంటే ముందస్తు అనుమతి, ఆమోదించినట్టవుతుంది.

– షిప్పింగ్ మాత్రమే కట్టే ట్రయల్, కార్డుతో. విదేశీ సైట్లు ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి. నాకు తెలిసి ఎక్కువ డబ్బు పోయేదీ, తిరిగి రావడం కష్టమయ్యేదీ ఇందులోనే.

– చర్మాన్ని ఫొటో తీసి సలహా చెప్పే యాప్. దీని సబ్‌స్క్రిప్షన్ సాధారణంగా గూగుల్ ప్లే స్టోర్‌లోనో, యాపిల్ ఖాతాలోనో ఉంటుంది.

2. ఆర్డర్ పెట్టే ముందు పది నిమిషాలు

పెద్ద అక్షరాల్లో 'ఉచితం' అని ఉన్న పేజీని వదిలేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనల పేజీ తెరవండి. మొత్తం చదవక్కర్లేదు. పేజీలో వెతికే సదుపాయం వాడి ఈ మాటల కోసం చూడండి: ఆటో రెన్యువల్, రికరింగ్, సబ్‌స్క్రిప్షన్, మెంబర్‌షిప్, ఆటో షిప్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది నెలనెలా కొనుగోలు ఒప్పందం. కేవలం శాంపిల్ అనుకోకండి.

తర్వాత గడువు లెక్క చూడండి. '14 రోజుల ట్రయల్' అని ఉంటే, ఆ 14 రోజులు ఎప్పటి నుంచి మొదలవుతాయి? ఆర్డర్ పెట్టిన రోజు నుంచా, పార్సిల్ చేతికొచ్చిన రోజు నుంచా? నేను చూసిన వాటిలో ఎక్కువ ఆర్డర్ రోజు నుంచే లెక్క వేసుకున్నాయి. అందుకే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకని సైటులో ఆర్డర్ పెట్టొద్దని అందరికీ చెబుతుంటాను.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జూన్ 2న ఆర్డర్ పెట్టారు. గడువు జూన్ 16తో అయిపోతుంది. పార్సిల్ విశాఖపట్నం చేరేసరికి జూన్ 9 అయింది. కొత్త క్రీమును నేరుగా ముఖానికి రాయకూడదు కదా. మోచేతి లోపలివైపు కొంచెం చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం, పది రోజులు రాసి చూడమని చర్మ వైద్యులు చెబుతారు. ఆ పరీక్ష పూర్తయ్యేసరికే జూన్ 16 వచ్చేస్తుంది. ముఖానికి ఒక్కసారి కూడా రాయకముందే పూర్తి ధర కట్ అవుతుంది.

పైగా చర్మం పైపొర మారడానికే సుమారు 4 వారాలు పడుతుంది. మచ్చలు, ముడతల మీద రెటినాల్ లాంటివి పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే 2, 3 నెలలు వాడాలి. 14 రోజుల్లో ఏ క్రీమూ తన సంగతి చెప్పదు. గడువు దాకా వాడి చూసి నచ్చకపోతే ఆపుదాం అనే ఆలోచన దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

ఇంకొక్క విషయం. ముందే టిక్ పెట్టి ఉన్న గడులు చూడండి. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ముందే టిక్ పెట్టిన గడిని కొనుగోలుదారు ఒప్పుకోలుగా లెక్కించకూడదు. అలాంటిది కనబడితే స్క్రీన్‌షాట్ తీసుకుని, టిక్ తీసేయండి.

ఆర్డర్ ముందు సరిచూసుకోవాల్సినవి:

☐ ట్రయల్ తర్వాత కట్ అయ్యే పూర్తి ధర ఎంత?
☐ గడువు ఏ రోజు నుంచి లెక్క?
☐ రద్దు ఎలా చేయాలి? ఖాతాలో బటన్ ఉందా, ఫోన్ చేయాలా, మెయిల్ పంపాలా?
☐ వాడిన సీసా వెనక్కి తీసుకుంటారా? కొందరు సీలు విప్పితే తీసుకోరు.
☐ వెనక్కి పంపే కొరియర్ ఖర్చు ఎవరిది?
☐ కంపెనీ చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ సైటులో ఉన్నాయా?
☐ లేబుల్ ఫొటోలో తయారీ లైసెన్సు నంబరు ఉందా? విదేశీ వస్తువైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్నాయా?
☐ ధర, గడువు, నిబంధనల పేజీలకు స్క్రీన్‌షాట్లు తీశారా?

లేబుల్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. వారంలో తెల్లబడతారని చెప్పి అమ్మిన క్రీముల్లో స్టెరాయిడ్లు, పాదరసం బయటపడ్డ సందర్భాలున్నాయి. డబ్బు పోతే తెచ్చుకోవచ్చు, ముఖం పాడైతే నెలల తరబడి బాధపడాలి. లైసెన్సు నంబరు లేని సీసాను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

3. డబ్బు దారిని ముందే కట్టడి చేయండి

జీతం పడే ఖాతాను గానీ, దాని డెబిట్ కార్డును గానీ ట్రయల్‌కు ఇవ్వొద్దు. తక్కువ బ్యాలెన్స్ ఉండే రెండో ఖాతా ఉంటే దాన్ని వాడండి.

కార్డు అయితే. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆన్‌లైన్ లావాదేవీలు, అంతర్జాతీయ లావాదేవీలకు విడివిడిగా స్విచ్‌లు, పరిమితులు ఉంటాయి. ఈ సదుపాయం ప్రతి బ్యాంకూ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. అంతర్జాతీయ స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగకుండా కార్డు వివరాలతోనే డబ్బు పోతుంది. దానిపైన విదేశీ చెల్లింపులకు బ్యాంకు వేసే మార్కప్ ఫీజు అదనం. తప్పనిసరై ఆన్ చేస్తే, చెల్లింపు అయిన నిమిషంలోనే మళ్లీ ఆఫ్ చేయండి.

యూపీఐ అయితే. పిన్ కొట్టే ముందు తెరమీద నాలుగు వరుసలు చదవండి. నా అనుభవంలో ఈ నాలుగూ చదివిన వాళ్లెవరూ పిన్ తొందరపడి కొట్టలేదు.

– ఎవరికి: మీరు చూసిన బ్రాండ్ పేరేనా, వేరే పేరా?
– మొత్తం: కచ్చితమైన మొత్తమా, 'అప్ టు' అని గరిష్ఠ పరిమితా? ఒక్క రూపాయి ట్రయల్‌కు 'అప్ టు 5,000' అని ఉంటే ఆగిపోండి.
– ఎంత తరచుగా: నెలకొకసారా? 'యాజ్ ప్రెజెంటెడ్' అని ఉంటే, వాళ్లు ఎప్పుడు అడిగితే అప్పుడు కట్ అవుతుందని అర్థం.
– ఎప్పటివరకు: ముగింపు తేదీ కొన్నిచోట్ల పది, ఇరవై ఏళ్ల తర్వాత ఉంటుంది.

మొదటిసారి పిన్, ఓటీపీ అడిగారు కాబట్టి ప్రతిసారీ అడుగుతారనుకోకండి. ఇలాంటి కొనుగోళ్లలో రూ.15,000 వరకు ఒక్కో డెబిట్‌కు మళ్లీ ఓటీపీ, పిన్ అక్కర్లేదని 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు పరిమితి పెంచింది. 1,499 రూపాయల క్రీము అందులో సులువుగా ఇమిడిపోతుంది.

4. ఆర్డర్ పెట్టిన రోజే చేయాల్సినవి

ఆర్డర్ నిర్ధారణ మెయిల్ తెరిచి, ఆర్డర్ నంబరు, తేదీ ఒక కాగితం మీద రాయండి. ఫోన్ క్యాలెండర్‌లో రెండు అలారాలు పెట్టండి. ఒకటి గడువుకు 5 రోజుల ముందు, రెండోది 2 రోజుల ముందు. చివరి రోజుకు పెట్టుకోకండి. విదేశీ కంపెనీ అయితే వాళ్ల టైమ్ జోన్‌లో తేదీ వేరు, ఆదివారం వాళ్ల ఫోన్ ఎవరూ ఎత్తరు.

యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఆ రోజే ఒకసారి తెరిచి చూడండి. కొత్త మ్యాండేట్ అక్కడ ఉంటే స్క్రీన్‌షాట్ తీయండి.

నిబంధనల్లో 'రద్దు చేసినా గడువు ముగిసేదాకా ట్రయల్ కొనసాగుతుంది' అని ఉంటే, ఆ రోజే రద్దు చేసేయండి. సీసా ఎలాగూ వస్తుంది. నచ్చితే తర్వాత మామూలుగా కొనుక్కోవచ్చు. ఇది తప్పు పని అని సంకోచించే వాళ్లున్నారు. నిబంధన రాసింది వాళ్లే, మీరు దాని ప్రకారమే నడుచుకుంటున్నారు.

5. రద్దు చేసే క్రమం

ఇక్కడ రెండు తాళాలున్నాయి. ఒకటి కంపెనీ దగ్గర సబ్‌స్క్రిప్షన్, రెండోది బ్యాంకు దగ్గర మ్యాండేట్. ఒక్కటే వేస్తే రెండో వైపు తలుపు తెరిచే ఉంటుంది. మ్యాండేట్ ఆపి సబ్‌స్క్రిప్షన్ వదిలేస్తే పార్సిళ్లు వస్తూనే ఉంటాయి, 'బాకీ ఉన్నారు' అంటూ మెయిళ్లూ వస్తాయి. సబ్‌స్క్రిప్షన్ ఆపి మ్యాండేట్ వదిలేస్తే, వాళ్లు పొరపాటునో కావాలనో మళ్లీ డబ్బు తీసుకోగలరు.

టైమ్ ఉంటే ముందు కంపెనీ, తర్వాత మ్యాండేట్. గడువు 24 గంటల్లోపే ఉంటే ముందు మ్యాండేట్ ఆపి, ఆ వెంటనే కంపెనీకి రాయండి.

మొదటి మెట్టు: కంపెనీకి రాతపూర్వకంగా. సైటులో రద్దు బటన్ ఉంటే నొక్కండి, చివరి తెర దాకా వెళ్లండి. మధ్యలో 'సగం ధరకే ఇస్తాం, ఉండండి' అంటూ రెండు మూడు తెరలు వస్తాయి. పెద్ద రంగు బటన్ సాధారణంగా కొనసాగించేదే. రద్దు మాట చిన్న అక్షరాల్లో పక్కన ఉంటుంది. 'మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది' అనే వాక్యం కనబడేదాకా పని పూర్తయినట్టు కాదు.

బటన్ నొక్కినా సరే, మెయిల్ కూడా పంపండి. విదేశీ కంపెనీకి ఇంగ్లిష్‌లో రాయండి, విషయం ఇంతే ఉండాలి:

"నా ఆర్డర్ నంబరు ఫలానా. ఫలానా తేదీన తీసుకున్న ట్రయల్‌ను, దానికి సంబంధించిన సబ్‌స్క్రిప్షన్‌ను ఈ రోజు నుంచి రద్దు చేస్తున్నాను. ఇకమీద నా కార్డు లేదా యూపీఐ నుంచి డబ్బు తీసుకోవడానికి నా అనుమతి లేదు. కొత్త పార్సిళ్లు పంపవద్దు. రద్దయినట్టు ఈ మెయిల్‌కు జవాబుగా తెలియజేయండి."

కారణాలు రాయకండి. క్రీము పడలేదని రాస్తే 'ఇంకో రకం పంపుతాం' అంటారు, ఖరీదు ఎక్కువని రాస్తే తగ్గింపు ఇస్తామంటారు. మాట పెరిగేకొద్దీ గడువు దగ్గరపడుతుంది.

ఫోన్‌లోనే రద్దు చేస్తామంటే ఫోన్ చేయండి. మాట్లాడిన వాళ్ల పేరు, సమయం, ఇచ్చిన రిఫరెన్స్ నంబరు రాసుకుని, 'ఇప్పుడే ఫోన్‌లో ఇలా మాట్లాడాను' అని వెంటనే మెయిల్ పెట్టండి. ఆ మెయిలే రేపు మీకు సాక్ష్యం.

రెండో మెట్టు: మ్యాండేట్. యూపీఐ అయితే ఏ యాప్‌లో పిన్ కొట్టారో అదే యాప్ తెరవండి. ఫోన్‌పే, గూగుల్ పేలో ప్రొఫైల్ లోపల ఆటోపే అని ఉంటుంది. కంపెనీ పేరు నొక్కి, రద్దు ఎంచుకుని, పిన్ కొట్టాలి. ఇక్కడ రెండు బటన్లు గమనించండి. 'పాజ్' అంటే తాత్కాలికంగా ఆపడం, తర్వాత మళ్లీ మొదలవ్వొచ్చు. మీకు కావలసింది 'క్యాన్సిల్' లేదా 'రివోక్'.

కార్డు అయితే బ్యాంకు యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో ఈ-మ్యాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు అనే చోట జాబితా ఉంటుంది. కనబడకపోతే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, 'ఈ కార్డు మీద ఉన్న రికరింగ్ మ్యాండేట్లన్నీ చదివి చెప్పండి' అని అడగండి. మా అక్క కార్డు మీద ఇలా అడిగితే, ఆమె ఎప్పుడో మర్చిపోయిన ఇంకో రెండు బయటపడ్డాయి.

యాప్ సబ్‌స్క్రిప్షన్ అయితే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనబడతాయి. ట్రయల్ ముగియడానికి ఒక రోజు ముందే రద్దు పూర్తి చేయండి.

మూడో మెట్టు: వస్తువు వెనక్కి పంపాలంటే. ముందు కంపెనీ నుంచి రిటర్న్ నంబరు తీసుకుని పెట్టె మీద రాయండి. అది లేకుండా పంపితే 'మాకు అందలేదు' అంటారు. సీసా, పెట్టె ఫొటోలు తీసి, పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని వచ్చిన రోజు ఆ తెరను కూడా స్క్రీన్‌షాట్ తీయండి.

6. 24 గంటల ముందు వచ్చే మెసేజ్

ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు మెసేజ్ గానీ మెయిల్ గానీ రావాలి. కంపెనీ పేరు, మొత్తం, తేదీ అందులో ఉండాలి. ఆ డెబిట్‌ను లేదా మొత్తం మ్యాండేట్‌ను వద్దనే వీలు కూడా ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధన ఇది, 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఆ మెసేజ్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య మునిగిపోతుంది. పాత ఫోన్ నంబరు బ్యాంకులో ఉన్నవాళ్లకు అసలు అందదు. నంబరు మారి ఉంటే ఈ వారమే బ్రాంచికి వెళ్లి మార్పించుకోండి.

కంపెనీ పేరు తెలిసిన పేరులా ఉండదు, అదొకటి. మీరు కొన్నది ఒక బ్రాండ్ సీరమ్, మెసేజ్‌లో ఉండేది ఎవరో ప్రైవేట్ లిమిటెడ్. 'ఇది నాది కాదులే' అని వదిలేయకండి, మొత్తం ఎంతో చూడండి.

ఇదే పేరుతో మోసాలూ ఉన్నాయి. 'మీ ఆటోపే రద్దు చేయడానికి ఈ లింక్ నొక్కండి' అని తెలియని నంబరు నుంచి వస్తే తెరవొద్దు. రద్దు ఎప్పుడూ మీ బ్యాంకు యాప్ లేదా యూపీఐ యాప్ లోపలికి మీరే వెళ్లి చేయాలి.

7. డబ్బు కట్ అయిపోయిందా? ఈ వరుసలో వెళ్లండి

టెన్షన్ పడి కంపెనీకి పదిసార్లు ఫోన్ చేయడంలోనే చాలామందికి మొదటి రోజు అయిపోతుంది. అలా చేయకండి.

మొదటి గంట. మ్యాండేట్ రద్దు చేయండి. విదేశీ సైటైతే కార్డులో అంతర్జాతీయ స్విచ్ ఆఫ్ చేయండి. మెసేజ్, స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్లు తీయండి.

అదే రోజు. కంపెనీకి రద్దు, రీఫండ్ కోరుతూ ఒకే ఒక్క మెయిల్ పంపండి. బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ డెబిట్ మీద అభ్యంతరం, నమోదు చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్రాంచికి వెళ్తే నోటిమాటగా చెప్పి రావద్దు. కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సీలు, తేదీ వేయించుకోండి.

ఫిర్యాదులో నిజం రాయండి. ఇక్కడ రెండు వేర్వేరు పరిస్థితులున్నాయి, కలిపేస్తే ఫిర్యాదు వీగిపోతుంది.

ఒకటి, మీరు అసలు అనుమతి ఇవ్వని డెబిట్. తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పని దినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీ మీద నష్టం పడదు. 4 నుంచి 7 పని దినాల మధ్య చేస్తే పరిమితి మేరకు మీరు భరించాలి. 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇది.

రెండోది, మీరే ట్రయల్‌కు పిన్ కొట్టారు, ఆ తర్వాత పూర్తి ధర తీశారు. దీన్ని 'నేను చేయలేదు' అని రాస్తే, మీరు ఇచ్చిన ఓటీపీ రికార్డు చూపించి బ్యాంకు ఫిర్యాదు మూసేస్తుంది. 'ట్రయల్ అని చెప్పి, షరతులు స్పష్టంగా చూపకుండా తీసుకున్నారు' అనో, 'ఫలానా తేదీన రద్దు చేశాక కూడా తీసుకున్నారు' అనో రాసి, స్క్రీన్‌షాట్లు జత చేసి, ఛార్జ్‌బ్యాక్, అంటే కట్ అయిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, కోరండి.

కార్డు కంపెనీల నియమాలు ఇక్కడ మీకు పనికొస్తాయి. చర్మ సంరక్షణ ఉత్పత్తుల లాంటి వస్తువుల ఫ్రీ ట్రయల్ ముగిశాక డబ్బు తీసుకునే ముందు, ఎంత, ఎప్పుడు, ఎలా రద్దు చేయాలి అన్నవి చెప్పి కార్డుదారు ఒప్పుకోలు తీసుకోవాలని మాస్టర్‌కార్డ్ 2019లో నియమం పెట్టింది. ట్రయల్ ముగిసేముందు కనీసం 7 రోజుల ముందుగా గుర్తుచేయాలని వీసా 2020లో నియమం తెచ్చింది. మీకు అలాంటి మెసేజ్ రాలేదంటే, ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

వారం లోపు. కంపెనీ మన దేశంలోదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. సైటులో ఉన్న ఫిర్యాదుల అధికారికి కూడా రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. రద్దు దారి దాచిపెట్టడం, ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కిందికి వస్తాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనుగోలుదారును తప్పుదారి పట్టించే సైటు, యాప్ ఎత్తుగడల్లో, అదొకటి. ఆ పేరు వాడి రాయండి, ఫిర్యాదు బరువు పెరుగుతుంది.

సైటే నకిలీదని తేలితే, లేదా ఎవరో ఓటీపీ చెప్పించుకుని డబ్బు లాగితే, ఇది వినియోగదారుల ఫిర్యాదు కాదు, సైబర్ నేరం. ఆలస్యం లేకుండా 1930కు ఫోన్ చేయండి.

నెల దాటితే. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. లాయరు అక్కర్లేదు. సమాచారం కోసం 14448.

కంపెనీ మీద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేయొచ్చు. కంపెనీ ఢిల్లీలోనో బెంగళూరులోనో ఉన్నా, మీరు నివసించే చోటే వేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. కొన్న విలువ 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయొచ్చు. 1,499 రూపాయల కోసం ఇంత దూరమా అని చాలామంది ఆగిపోతారు. మీ ఓపిక, వీలు చూసుకుని నిర్ణయించుకోండి. ముందు మెట్లు సరిగ్గా ఎక్కిన వాళ్లలో నేను చూసినంతవరకు ఎవరికీ ఇక్కడిదాకా రావాల్సిన పని పడలేదు.

8. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి సవరణ

యాప్ తీసేయడం. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ అయి, రద్దు చేసి, అప్పుడు తీసేయండి.

ఖాతాలో డబ్బు లేకుండా ఉంచితే సరిపోతుందనుకోవడం. మ్యాండేట్ బతికే ఉంటుంది. జీతం పడిన రోజు మళ్లీ ప్రయత్నిస్తారు. కొన్ని బ్యాంకులు తిరస్కరణకు చార్జీ కూడా వేస్తాయి. మ్యాండేట్ రద్దు చేయండి.

కార్డు బ్లాక్ చేసి ఊరుకోవడం. డబ్బు ఆగుతుంది, సబ్‌స్క్రిప్షన్ ఆగదు. కంపెనీకి మెయిల్ తప్పనిసరి.

రీఫండ్ ఇస్తామంటే యూపీఐ పిన్ కొట్టడం. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగితే అది డబ్బు పంపే తెర.

అమ్మ ఫోన్‌లో, అత్తగారి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి మర్చిపోవడం. మెసేజ్ వాళ్లకు వెళ్తుంది, వాళ్లకు అర్థం కాదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఆటోపే జాబితా నెలకొకసారి మీరే తెరిచి చూడండి. రెండు నిమిషాల పని.

9. ట్రయలే కావాలంటే

పూర్ణా మార్కెట్‌లోనో, జగదాంబ దగ్గరో మంచి మందుల షాపులో చిన్న ట్యూబు అడిగి, డబ్బిచ్చి కొనుక్కోండి. చాలా క్రీములకు చిన్న సైజు ఉంటుంది. మొటిమలు, మంగు మచ్చల లాంటివైతే ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మ విభాగంలోనో, మీకు దగ్గర్లోని చర్మ వైద్యుల దగ్గరో చూపించుకోండి.

10. రద్దయ్యాక కూడా పార్సిల్ వస్తే

కొరియర్ అబ్బాయి వచ్చినప్పుడు పెట్టె తీసుకోకుండా, 'ఆర్డర్ రద్దు చేశాం, వెనక్కి పంపేయండి' అని చెప్పండి. క్యాష్ ఆన్ డెలివరీ అంటే అసలే డబ్బు ఇవ్వొద్దు. ఇంట్లో అందరికీ, అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌కు కూడా ముందే చెప్పి ఉంచండి. మా అక్క వాళ్లింట్లో మూడో పార్సిల్ తీసుకున్నది వాచ్‌మనే.

పొరపాటున ఇంట్లోకి వచ్చేస్తే విప్పకుండా, పెట్టె మీద అంటించిన చీటీ కనబడేలా ఫొటో తీసి కంపెనీకి పంపండి. 'రద్దు తర్వాత వచ్చింది, మీ ఖర్చుతో వెనక్కి తీసుకెళ్లండి' అని రాయండి. రద్దు నిర్ధారణ మెయిల్‌ను, ఈ ఫొటోను ఒకే ఫోల్డర్‌లో దాచి, తర్వాత రెండు నెలల స్టేట్‌మెంట్లు కూడా చూసుకోండి. రెండిటిలోనూ ఆ కంపెనీ పేరు కనబడకపోతే ఫోల్డర్ మూసేయొచ్చు.